329 ఎంఎం గ్రాఫిక్స్ కార్డుకు ఏ క్యాబినెట్ తీసుకోవాలె? (హన్మకొండ, బడ్జెట్ 9 వేలు)

హన్మకొండ_రెండర్
అందరికి నమస్తే. ఆర్‌టీఎక్స్ 5070 టీఐ, మూడు ఫ్యాన్ల మోడల్ తీసుకుంటున్న. కంపెనీ పేజీల కొలతలు 329 × 140 × 62.5 ఎంఎం. ఇప్పుడున్న క్యాబినెట్‌కు "కార్డు పొడవు 320 ఎంఎం వరకు" అని రాసిన్రు. ముందట 240 లిక్విడ్ కూలర్ రేడియేటర్ బిగించి ఉన్నది.
మిగతా సామాను: రైజెన్ 7 7700 ప్రాసెసర్, బీ650 మైక్రో ఏటీఎక్స్ (చిన్న సైజు) మదర్‌బోర్డు, 750 వాట్ల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా, 160 ఎంఎం పొడవు), 3.5 ఇంచుల హార్డ్ డిస్క్ ఒకటి. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌ల రెండర్లు, తర్వాత గేములు. రూంల ఏసీ లేదు, ఎండాకాలం ఎయిర్ కూలరే.
తక్కువ పడేది 9 ఎంఎమే కదా, రేడియేటర్ మీదికి మారుస్తే ఎల్లిపోతదా? లేకుంటే కొత్త క్యాబినెట్టేనా? 9 వేలు దాటొద్దు.

స్కేల్_టేపు
తక్కువ పడేది 9 కాదండి. ఆ 320 అన్నది ముందు ఫ్యాన్లు కూడా లేనప్పటి కొలత అయ్యుంటే, ఫ్యాన్ మందం 25, మామూలు రేడియేటర్ మందం 27, రెండూ కలిసి 52 పోతాయి. మిగిలేది 268. రేడియేటర్ పైకి మార్చి ముందు ఫ్యాన్లు మాత్రమే ఉంచినా 295. మీ కార్డు ఎలాగూ పట్టదు.

ఏ క్యాబినెట్ చూసినా ఆ అంకె పక్కన "ముందు ఫ్యాన్‌తో" అని ఉందా, ఉత్త డబ్బాకి రాశారా అన్నది వెతకండి. ఫ్రాక్టల్ నార్త్ పేజీలో 355 ఎంఎం అని, ముందు ఫ్యాన్ ఉండగానే అని స్పష్టంగా రాస్తారు. చాలా చవక క్యాబినెట్లలో ఆ ముక్క ఉండదు. లేదంటే 25 తీసేసి లెక్క వేసుకోవడమే క్షేమం.

చేతిలో ఉన్న క్యాబినెట్‌ని కొలవాలంటే టేపు ఎక్కడ పెట్టాలో కూడా చెప్తాను. వెనక స్లాట్ పట్టీలు బిగించే రేకు లోపలి ముఖం దగ్గర మొదలుపెట్టి, సరిగ్గా మొదటి పెద్ద స్లాట్ ఉన్న ఎత్తులోనే ముందుకి రండి. ఫ్యాన్ చట్రం తగిలే చోట ఆపండి. కింద ష్రౌడ్ (ఎస్ఎంపీఎస్‌ని కప్పే రేకు) మీద కొలిస్తే వేరే అంకె వస్తుంది, అక్కడ రేడియేటర్ కోసం కోత ఉంటుంది కాబట్టి. వచ్చినదాంట్లోంచి ఇంకో 15 ఎంఎం వదిలేయండి. కార్డు నిటారుగా దిగదు. వెనక పట్టీ నాలుక బోర్డుకీ రేకుకీ మధ్య సందులో దూరాలి, అందుకు కార్డుని కాస్త ఏటవాలుగా పట్టి దించాలి. 2, 3 ఎంఎం మాత్రమే మిగిలిన చోట ముందు ఫ్యాన్ విప్పి, కార్డు పెట్టి, మళ్ళీ ఫ్యాన్ బిగించాల్సి వస్తుంది.

ఓరుగల్లు_మెష్
ఇగ కొత్తదే కొనుర్రి అన్నా. 360కి తక్కువ ఉన్నదాని దిక్కు చూడకున్రి. నాకు తెలిసినయి:

డీప్‌కూల్ సీసీ560: కార్డు 370, సీపీయూ కూలర్ ఎత్తు 163
కోర్సెయిర్ 4000డీ: కార్డు 360, కూలర్ 170
ఎన్‌జెడ్‌ఎక్స్‌టీ హెచ్5 ఫ్లో (2022 మోడల్): కార్డు 365, కూలర్ 165
లియన్ లీ లాంకూల్ 216: కార్డు 392, కూలర్ 180.5

4000డీ రెండు రకాలు ఉన్నది, ఎయిర్‌ఫ్లో అని రాసి ఉన్నదే తీసుకోవాలె. మామూలుదాని ముందు భాగం మొత్తం మూసి ఉంటది, గాలి పక్క సందుల నుంచే గుంజుకోవాలె. మన దిక్కు ఎండలకు అది పనికిరాదు.

పదహారు_పిన్ను
అందరూ పొడవు మీదే పడ్డారు. ఈ కార్డుకి అసలు పేచీ వెడల్పు దగ్గర వస్తుంది బ్రో. ఆ 140 ఎంఎం చూడు. కార్డు అంచు దాటి పవర్ కేబుల్ పైకి లేస్తుంది, ఆ పైన గాజు తలుపు మూతపడాలి.

16 పిన్నుల కనెక్టర్ దగ్గర కేబుల్ కనీసం 35 ఎంఎం నిటారుగా వచ్చాకే వంగాలి. గాజు నొక్కితే కేబుల్ మొదట్లోనే మడత పడుతుంది, లోపలి పిన్నులు ఒక పక్కకి ఒరుగుతాయి. కొన్ని పిన్నులు సరిగ్గా ఆనవు, మిగతా వాటి మీద కరెంటు ఎక్కువ పడి వేడెక్కుతాయి. 4090 కార్డులు వచ్చిన కొత్తలో కరిగిన కనెక్టర్ల ఫొటోలు గుర్తున్నాయి కదా. పూర్తిగా దిగని ప్లగ్గు, దగ్గర్లో మడత, ఈ రెండూ కలిస్తే ప్రమాదం. 2023లో మార్చిన 12వీ-2ఎక్స్6 కనెక్టర్‌లో సెన్స్ పిన్నులు పొట్టివి చేశారు. ప్లగ్గు సగమే దిగితే కార్డు పవర్ తీసుకోకుండా ఆగిపోవాలన్నది ఉద్దేశం. దాంతో మడత సమస్య మాత్రం తీరదు.

క్యాబినెట్ పేజీలో ఈ ఖాళీ ఎంతో రాయరు. సీపీయూ కూలర్ ఎత్తుని బట్టి అంచనా వేయొచ్చు. కూలర్ ఎత్తుని ప్రాసెసర్ పైముఖం నుంచి లెక్కిస్తారు, అది బోర్డు కంటే దాదాపు 8 ఎంఎం పైన ఉంటుంది. అంటే 163 అని రాసిన క్యాబినెట్‌లో బోర్డు నుంచి గాజు దాకా సుమారు 171. అందులో 140 కార్డుకి పోతే 31. చాలదు. 170 రాసినదాంట్లో 38, బొటాబొటి. 180.5 అయితే 48, హాయిగా వంగుతుంది.

ఒక మినహాయింపు: కొన్ని కార్డుల్లో సర్క్యూట్ బోర్డు పొట్టిగా ఉండి, కనెక్టర్ కూలర్ అంచు కంటే లోపలికి గుంటలో కూర్చుంటుంది. అలాంటి వాటికి 10 నుంచి 20 ఎంఎం కలిసొస్తుంది. కార్డు పక్క నుంచి తీసిన ఫొటో చూస్తే తెలిసిపోతుంది.

చిన్న_డబ్బా
వెడల్పు కొలత ఎలా రాయాలో చూడాలంటే కూలర్ మాస్టర్ ఎన్ఆర్200 పేజీ చూడండి. కార్డు పొడవు 330, వెడల్పు పవర్ కనెక్టర్‌తో కలిపి 156, మందం 60. మూడూ రాశారు. మీ 329 పొడవుకి పడుతుందనిపిస్తుంది గానీ మందం 62.5 కాబట్టి పట్టదు. అది మినీ ఐటీఎక్స్ అనే ఇంకా చిన్న బోర్డుల క్యాబినెట్, మీ బోర్డు ఎలాగూ అందులో పట్టదనుకోండి.

హన్మకొండ_రెండర్
మందం సంగతి నాకు తట్టనే లేదు. 62.5 అంటే మూడు స్లాట్ల కార్డేనా? నా బోర్డుకు నాలుగే స్లాట్లు.

స్కేల్_టేపు
ఒక్కో స్లాట్ 20.32 ఎంఎం. మూడింటికి 61. మీది 62.5, అంటే నాలుగో దాంట్లోకి ఒకటిన్నర ఎంఎం చొచ్చుకొస్తుంది. మైక్రో ఏటీఎక్స్ బోర్డులో పెద్ద స్లాట్ మొదటి వరసలో ఉంటే కార్డు ఫ్యాన్ల కింద నాలుగో స్లాట్‌లో మిగిలే ఖాళీ దాదాపు 19 ఎంఎం. అదే స్లాట్ రెండో వరసలో ఉన్న బోర్డు అయితే కార్డు బోర్డు అంచు దాకా వచ్చేస్తుంది. మీ బోర్డు బొమ్మ ఒకసారి చూసుకోండి, పైన ఎం.2 ఎస్ఎస్‌డీ కోసం చోటు వదిలి స్లాట్ కిందికి జరిపినవి ఉంటాయి.

అందుకే చిన్న బోర్డు ఉంది కదా అని మైక్రో ఏటీఎక్స్ క్యాబినెట్ కొనకండి. బోర్డు అంచు కిందే ఎస్ఎంపీఎస్ ష్రౌడ్ వచ్చేస్తుంది, కార్డు ఫ్యాన్లు ఆ రేకుని చూస్తూ తిరుగుతాయి. పూర్తి ఏటీఎక్స్ బోర్డు ఎత్తు 305, మీది 244. అదే మీ బోర్డుని ఏటీఎక్స్ క్యాబినెట్‌లో బిగిస్తే కింద 61 ఎంఎం అదనంగా ఖాళీ వస్తుంది. ఈ కార్డుకి గాలి అందేది అక్కడి నుంచే.

ఇంకొకటి. బోర్డు కింది అంచున ముందు ప్యానెల్ పిన్నులు, యూఎస్‌బీ 2.0 పిన్నులు ఉంటాయి. మందం కార్డు పెట్టాక అక్కడికి వేళ్ళు పోవు. కుడి అంచున సాటా పోర్టులు నిటారుగా ఉన్న బోర్డు అయితే పొడవు కార్డు వాటి మీదికి వస్తుంది. కాబట్టి హార్డ్ డిస్క్ కేబుల్, ముందు ప్యానెల్ తీగలు అన్నీ పెట్టి, ఒకసారి ఆన్ చేసి చూశాకే కార్డు దించండి.

ఖని_థర్మల్స్
ఎండల సంగతి చెప్తా జర వినున్రి. రామగుండం, గోదావరిఖని దిక్కు మే నెలల 44 దాటుతది, వరంగల్ ఏం తక్కువ లేదు. రూం ఎంత వేడెక్కితే కార్డు దాదాపు అంతే వేడెక్కుతది. 25 డిగ్రీల రూంల 65 చూపెట్టే కార్డు 42 డిగ్రీల రూంల 82 దగ్గర తిరుగుతది, అది కూడా క్యాబినెట్ మంచిగ ఉంటేనే. యూట్యూబ్ రివ్యూలన్ని ఏసీ రూంల తీసినయి, ఆ అంకెలు చూసి కొనకున్రి.

5070 టీఐ 300 వాట్లు, ప్రాసెసర్ ఇంకో 90. ఈ 390 వాట్లు మొత్తం వేడయ్యి క్యాబినెట్‌ల నుంచి రూంలకే వస్తది. లోపటికి గాలి ఎంత పోతే అంత మంచిది. ముందట మెష్ (జాలి) ఉండాలె, రెండు 140 ఫ్యాన్లో మూడు 120 ఫ్యాన్లో లోపటికి గుంజాలె, వెనక ఒకటి బయటికి కొట్టాలె. లోపటికి వచ్చేది బయటికి పోయేదాని కంటె జర ఎక్కువ ఉంటే దుమ్ము సందుల నుంచి దూరదు, ఫిల్టర్ మీదనే ఆగుతది.

దుమ్ము అంటే మా ఖనిల బొగ్గు, కరీంనగర్‌ల గ్రానైట్. ఎనుమాముల మార్కెట్ దగ్గరున్నోళ్ళకు పత్తి సీజన్‌ల నూగు వచ్చి మెష్ మీద దుప్పటి లెక్క కూసుంటది. ఫిల్టర్ ముందటి నుంచే ఊడొచ్చే క్యాబినెట్ తీసుకోవాలె. వెనక గోడకు జరిపి, కింది నుంచి గుంజాల్సిన ఫిల్టర్ అయితే ఎవ్వరు తియ్యరు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలుతోటి పట్టుకోవాలె, ఇష్టమొచ్చినట్టు తిరిగితే బేరింగ్ పోతది.

ఎయిర్ కూలర్ వాడుతా అన్నవు కదా. పీసీని కూలర్ గాలికి ఎదురుంగ అస్సలు పెట్టకు. మన బోర్ల నీళ్ళల్ల ఉప్పు ఎక్కువ. సన్న తుంపర లోపటికి పోయి ఎండితే ఫిన్నుల మీద, స్లాట్ల దగ్గర తెల్లగ పొర కడతది, దానికి దుమ్ము అంటుకుంటది. కూలర్ కిటికీ దగ్గర ఉంటే పీసీని దానికి అడ్డంగ, పక్క గోడకు పెట్టు. ఇంకో కిటికీ తెరిచి ఉంచకుంటే రూంల తేమ పెరుగుతది, కూలర్ పనిచెయ్యదు, పీసీకి మంచిది కాదు.

ఓరుగల్లు_మెష్
@ఖని_థర్మల్స్ కరెక్ట్. దానికి తోడు ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌ల కార్డు పవర్ లిమిట్ 85 శాతానికి తగ్గియ్యున్రి. 300 వాట్లు 255 అయితది. వేగం తగ్గేది కొంచెమే, ఫ్యాన్ల మోత మాత్రం మంచిగనే తగ్గుతది. రాత్రంత రెండర్ పెట్టేటోళ్ళకు ఇది తప్పనిసరి.

చిన్న_డబ్బా
కార్డుని నిలువుగా, గాజు వైపు చూసేలా బిగిస్తే కేబుల్ గొడవ ఉండదు కదా? రైజర్ కిట్లు (కార్డుని బోర్డు స్లాట్‌కి కలిపే కేబుల్‌తో) దొరుకుతున్నాయి.

పదహారు_పిన్ను
కేబుల్ గొడవ పోయి గాలి గొడవ వస్తుంది. 62.5 మందం కార్డుని నిలబెడితే ఫ్యాన్లకీ గాజుకీ మధ్య మామూలు క్యాబినెట్లలో 20 ఎంఎం కూడా మిగలదు. గాలి పీల్చడానికే చోటుండదు, 42 డిగ్రీల రూంలో అసలు వద్దు. పైగా 50 సిరీస్ కార్డులు పీసీఐఈ 5.0. స్లాట్ కూడా 5.0 ఉన్న బోర్డులో పాత 4.0 రైజర్ వాడితే తెర నల్లగా ఉండిపోవడం, మధ్యలో ఆగిపోవడం మామూలే. అప్పుడు కార్డుని నేరుగా బోర్డులో పెట్టి, బయోస్‌లో ఆ స్లాట్‌ని జెన్4కి (అంటే 4.0కి) మార్చి, తర్వాత రైజర్ తగిలించాలి. అందం కోసం ఇంత తిప్పలా?

కరీంనగర్_ఎస్ఎంపీఎస్
750 వాట్లు ఈ కార్డుకు సరిపోతది, ఎన్‌విడియా చెప్పేది కూడ అంతే. కాని మీ ఎస్ఎంపీఎస్‌కు 16 పిన్నుల కేబుల్ సొంతంగ వస్తదా, అడాప్టర్ వాడాల్నా చూసుకోండి. అడాప్టర్ అయితే దానికి ఎన్ని 8 పిన్నుల మూతులుంటే అన్ని వేరువేరు కేబుళ్ళు ఎస్ఎంపీఎస్ నుంచి రావాలె. ఒక్కో 8 పిన్ను లెక్క 150 వాట్లు. ఒకే కేబుల్‌కు చివర రెండు మూతులు ఉన్నది వాడి మొత్తం బరువు ఒక్క తీగ మీద వెయ్యకండి. ఇంకొక కంపెనీ మాడ్యులర్ (ఎస్ఎంపీఎస్ నుంచి ఊడొచ్చే) కేబుల్ తెచ్చి గుచ్చుడు అస్సలు వద్దు, ప్లగ్గు పట్టినా లోపట పిన్నుల వరస వేరే ఉంటది, ప్లస్ మైనస్ తారుమారైతే హార్డ్ డిస్క్, బోర్డు రెండూ పోతయి.

ష్రౌడ్ లోపట హార్డ్ డిస్క్ పంజరం కూడ చూడండి. 160 పొడవు ఎస్ఎంపీఎస్‌కు వెనక కేబుళ్ళు వంగడానికి ఇంకో 60 ఎంఎం ఉండాలె. పంజరం జరిపే వీలు లేకుంటే ఎస్ఎంపీఎస్‌ను ముందుగాల లోపటికి పెట్టి తర్వాత కేబుళ్ళు గుచ్చుడు కష్టం, కేబుళ్ళు గుచ్చే లోపటికి నూకాలె.

యూపీఎస్ గురించి కూడ చెప్పాలె, 600 వీఏది గేమ్ మధ్యల కరెంట్ పోంగనే...

మోడరేటర్
యూపీఎస్‌కు వేరే థ్రెడ్ ఉంది, అక్కడ రాయండి. ఇక్కడ క్యాబినెట్ వరకే.

కరీంనగర్_ఎస్ఎంపీఎస్
సరే. 1 కేవీఏ కన్న తక్కువ కొనకండి, అంతే.

హన్మకొండ_రెండర్
చాలా థ్యాంక్స్ అందరికి. లాంకూల్ 216 వైపు మొగ్గు ఉన్నది. నా బోర్డుల స్లాట్ మొదటి వరసలనే ఉన్నది, చూసిన. రేడియేటర్ మీదికి మారుస్తే ర్యామ్‌కు తగుల్తదా? ర్యామ్ మీద హీట్ స్ప్రెడర్ ఉన్నది, 44 ఎంఎం ఎత్తు.

స్కేల్_టేపు
216 పైభాగంలో 240 రేడియేటర్ పడుతుంది. మామూలుగా రేడియేటర్, ఫ్యాన్ కలిపి 52 ఎంఎం కిందికి వేలాడుతుంది. బోర్డు పై అంచుకీ క్యాబినెట్ కప్పుకీ మధ్య అంత లేని చోట రేడియేటర్ ర్యామ్ మీదికి వస్తుంది, 32 ఎంఎం పొట్టి స్టిక్కులు తప్పించుకుంటాయి, 44వి తగులుతాయి. అందుకే మంచి క్యాబినెట్లలో పైన బిగించే గాళ్ళు బోర్డు నుంచి గాజు వైపుకి జరిపి ఉంటాయి. మీరు రేడియేటర్‌ని వీలైనంత గాజు వైపుకి జరిపి, మరలు వదులుగా పెట్టి, ర్యామ్ చూసుకుని, తర్వాత బిగించండి. మీ రేడియేటర్ మందం మాత్రం ఒకసారి కొలవండి. ఆర్కిటిక్ లిక్విడ్ ఫ్రీజర్ 3 లాంటి వాటికి రేడియేటరే 38 ఎంఎం, ఫ్యాన్‌తో 63 అవుతుంది.

పైన పెట్టడం కూలర్‌కీ మేలే. లోపలి గాలి బుడగలు రేడియేటర్ పైకి చేరతాయి, పంపు వాటిని మింగదు.

ఓరుగల్లు_మెష్
216 పెద్దది అన్నా, 481 లోతు, 492 ఎత్తు, 235 వెడల్పు. టేబుల్ కింద అరల పట్టేటట్టు చూసుకో. ముందటి రెండు 160 ఫ్యాన్లు దాంతోటే వస్తయి, వేరే కొనుడు లేదు. ధర నీ బడ్జెట్ గీత మీద ఉంటది, మారుతుంటది కూడ.
సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీల (కంప్యూటర్ దుకాణాల సముదాయం) కొనేటట్టయితే డబ్బాల ఉన్నది ఉన్నట్టే తెచ్చుకో. దుకాణంల బిగిపిచ్చి బస్సుల తెచ్చుకోకు. అంత బరువు కార్డు స్లాట్‌కు వేలాడుకుంట మడికొండ దాకా ఊగితే స్లాట్ ఏమైతదో చెప్పలేం. అక్కడ్నే బిగిపించాల్నంటే కార్డును వేరే డబ్బాల పెట్టించు, గాజు తలుపును లోపట థర్మకోల్ పెట్టిన దిక్కే మూపించు.

చిన్న_డబ్బా
కొనే ముందు అట్టపెట్టె కోసి 329 × 140 × 62.5 డమ్మీ చేయండి. పవర్ కేబుల్ చోట ఇంకో 35 ఎంఎం ముక్క అతికించండి. దుకాణంలో తెరిచి ఉన్న క్యాబినెట్‌లో పెట్టి చూస్తే పొడవు, వెడల్పు, గాజు మూతపడటం మూడూ ఒకేసారి తేలిపోతాయి. దుకాణం వాళ్ళు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

హన్మకొండ_రెండర్
మంచి ఐడియా. కార్డు వంగకుండ కింద స్టాండ్ పెట్టాల్నా?

పదహారు_పిన్ను
పెట్టాలి. కార్డు డబ్బాలోనే స్టాండో పట్టీయో చాలా కంపెనీలు ఇస్తాయి, ముందు అది చూడు. ష్రౌడ్ మీద నిలబెట్టే రకం అయితే కార్డు చివరి నుంచి మూడు నాలుగు సెంటీమీటర్లు లోపలికి, ఫ్యాన్ రెక్కలు తగలని చోట పెట్టు. పైకి తోయకూడదు, కార్డు సమంగా ఆనేలా మాత్రమే. ఎక్కువ తోస్తే స్లాట్ అవతలి వైపు లేస్తుంది. నీది మైక్రో ఏటీఎక్స్ బోర్డు కాబట్టి ష్రౌడ్ దూరంగా ఉంటుంది, పొడవు మార్చుకునే స్టాండ్ తీసుకో. లెక్క వేసుకో: 19కి 61 కలిపితే 80, ష్రౌడ్ ఇంకాస్త కిందికి ఉంటుంది.

స్కేల్_టేపు
బిగించే వరస కూడా రాస్తాను, ఎక్కువ మంది ఇక్కడే తడబడతారు. వెనక పట్టీలు మూడు తీయండి. కార్డు దించాక స్లాట్ చివరి కొక్కెం టక్కుమనాలి. అది టక్కుమనకుండా వెనక మర బిగిస్తే కార్డు ముందు భాగం పైకి లేచి ఉండిపోతుంది. వెనక పట్టీ రేకుకి ఆనకుండా ఒకటి రెండు ఎంఎం ఎడం కనిపిస్తే తప్పు కార్డుది కాదు, బోర్డు వెనక్కి సరిగా జరగలేదు. బోర్డు మరలన్నీ సగం వదులు చేసి, బోర్డుని వెనక ప్యానెల్ వైపుకి నెట్టి పట్టుకుని, మళ్ళీ బిగించండి. ఈ పని చేయకపోతే డిస్‌ప్లేపోర్ట్ (మానిటర్) కేబుల్ పూర్తిగా దిగదు, రేకు అడ్డం పడుతుంది.

మళ్ళీ కార్డు తీయాల్సి వస్తే ఆ కొక్కెం కార్డు కింద దాక్కుంటుంది, వేలు అందదు. ప్లాస్టిక్ స్కేల్‌తో నొక్కండి. స్క్రూడ్రైవర్ జారితే బోర్డు మీద సన్న గీతలు తెగిపోతాయి.

హన్మకొండ_రెండర్
ఆదివారం సీటీసీకి పోతున్న, అట్ట డమ్మీ చేసుకుని. 216 దొరకకుంటే 4000డీ ఎయిర్‌ఫ్లో తీసుకోవచ్చా? 38 ఎంఎం బొటాబొటి అన్నరు కదా.

పదహారు_పిన్ను
నీ కార్డు కనెక్టర్ గుంటలో ఉంటే తీసుకో. అంచుతో సమానంగా ఉంటే వద్దు, ఇంకో వారం ఆగు. 90 డిగ్రీల వంపు అడాప్టర్లు అమ్ముతారు, వాటి జోలికి వెళ్ళకు. ఇంకో జాయింటు పెరిగిందంటే వేడెక్కే చోటు ఇంకొకటి పెరిగినట్టే, ఒక కంపెనీ అలాంటివి వెనక్కి కూడా తీసుకుంది.

ఖని_థర్మల్స్
తెచ్చినంక పాత క్యాబినెట్ ఫ్యాన్లు పారెయ్యకు. 216 పైన రేడియేటర్ పోంగ మిగిలిన చోట, ష్రౌడ్ మీద కార్డు కింద, ఫ్యాన్ బిగిచ్చే గాళ్ళు ఉంటే ఒకటి పెట్టి పైకి కొట్టు. మే నెలల అదే పనికొస్తది.